బందెలదొడ్డిలో పెళ్ళికొడుకు

పేరు పోతురాజే గానీ ఆ మనిషిలో పోతురాజు లక్షణం మచ్చుకైనా లేదు. కోడిపిల్ల అడ్డం వస్తే ఆగి దారిచ్చే రకం. చాట్రాయి రోడ్డులో ఉన్న నెమలిపాడులో పాలేరుగా పనిచేసే రోజుల్లో ఎద్దుల్ని అదిలించడానికి అతనికి నోరు వచ్చేది కాదు. ముల్లుగర్రని చేతికర్రలా నేలకి ఆనించి, "కాస్త నడుస్తారా మరి?" అని అడిగేవాడు. అవి అడిగినందుకు నాలుగడుగులు వేసి, మళ్ళీ అడుగుతాడేమోనని ఆగేవి. ఊరంతా దుక్కులు అయిపోయి విత్తనాలు పడుతుంటే పోతురాజు దున్నే పొలం చెక్క ఇంకా సగంలోనే ఉండేది. చూసి చూసి ఆసామి అతన్ని పనిలోంచి మాన్పించాడు.

సరిగ్గా ఆ సమయానికే ఊళ్ళో బందెలదొడ్డి కాపలా ఖాళీ అయింది. ఎవరి పశువైనా ఇంకొకరి తోటలోనో చేలోనో పడి మేస్తే దాన్ని తోలుకొచ్చి ఆ దొడ్డిలో పెట్టేవాళ్ళు. సొంతదారు వచ్చి జరిమానా కట్టి విడిపించుకుపోవాలి. పంచాయితీ ప్రెసిడెంటు లక్ష్మీనరసింహారావుగారికి ఊళ్ళో అందరికంటే పెద్ద మామిడితోట ఉంది. కాబట్టి దొడ్డి అంటే ఆయనకి అందరికంటే ఎక్కువ పట్టింపు. కాపలాకి ఎవరిని పెడదామా అని అరుగు మీద కూర్చుని ఆలోచిస్తుంటే ఎవరో పోతురాజు పేరు ఎత్తారు.

"పేరు బాగుందయ్యా," అన్నారాయన. "ఆ పేరు వింటేనే సగం గొడ్లు నా తోట వైపు రావు."

గొడ్లకి పేర్లు వినపడతాయో లేదో ఎవరూ అడగలేదు. అలా 1958లో, వేసవికి ముందు, పోతురాజు బందెలదొడ్డి కాపలాదారు అయ్యాడు. దొడ్డి పక్కనే ఉన్న పాకలోకి భార్య కనకమ్మతో సహా మారాడు.

దొడ్డి అంటే నాలుగు మట్టిగోడలు, ఒక గేటు. ఊరి చుట్టూ ఎటు చూసినా మామిడి నీడే, ఆ గోడల మధ్య మాత్రం గొడుగంత నీడ కూడా లేదు. నీళ్ళ తొట్టి లేదు. ఇదేంటని అడిగితే, తప్పు చేసిన పశువుకి సుఖం ఎందుకన్నారు పాతకాపులు. అది వాళ్ళకి న్యాయంగానే తోచింది.

మొదట వచ్చిన ముద్దాయి రత్నబాబు గేదె మాణిక్యం. నల్లగా నిగనిగలాడే పెద్ద గేదె. ప్రెసిడెంటుగారి తోటలో కొత్తగా నాటిన రసాల అంట్లు నాలుగు చప్పరించిందని తోట కాపలా హనుమయ్య దాన్ని తోలుకొచ్చి గేటులోకి నెట్టాడు. రత్నబాబు పెళ్ళికని పొరుగూరు వెళ్ళాడు, వెంటనే వచ్చేలా లేడు. గేదె గోడ వైపు మొహం పెట్టి నిలబడింది. గడ్డి వేస్తే వాసన చూడలేదు. కళ్ళ కింద తడి చారలు. అది ఏడుపో, కంట్లో పడ్డ దుమ్మో పోతురాజుకి తెలియదు. తెలియకపోయినా తను కూడా అన్నం ముట్టలేదు.

"ఏంటయ్యా, అంట్లు మేసింది అదా నువ్వా?" అంది కనకమ్మ.

"దానికి లోపల ఎలా ఉందో తెలవట్లేదే," అన్నాడు పోతురాజు.

"నాకు లోపల ఎలా ఉందో ఎప్పుడైనా అడిగావా?"

అయినా కుడితి కుండ ఎత్తుకెళ్ళి గేదె ముందు పెట్టింది మాత్రం కనకమ్మే. గేదె మూతి ముంచి ఆపకుండా తాగేసింది. పోతురాజు కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడే తాటాకులు తెచ్చి దొడ్డిలో ఒక మూల పందిరి వేశాడు. పగిలిన సిమెంటు తూము ముక్కకి అడుగున మూత పెట్టి తొట్టి చేశాడు. పశువులు గోడకి ఒళ్ళు రాసుకుని మట్టి రాలుస్తున్నాయని ఒక దుంగ పాతి దానికి కొబ్బరితాడు చుట్టాడు. ఆ దుంగకి వీపు రాసుకుంటూ ఒక దున్నపోతు కళ్ళు మూసుకుని చెవులు వేలాడేస్తే, తన ఒంటికి కూడా హాయిగా ఉన్నట్టు భుజాలు కదిపాడు.

నూజివీడు పశువుల ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరు కృష్ణమూర్తిగారు టీకాలు వేయడానికి సైకిలు మీద నెమలిపాడు వచ్చారు. దొడ్డి ముందు ఆగేసరికి కాపలాదారు ఒక మేకపోతుతో చాలా సీరియస్‌గా మాట్లాడుతున్నాడు. మేకపోతు కూడా శ్రద్ధగా వింటోంది.

"ఏం చెబుతున్నావయ్యా దానికి?"

"పశ్చాత్తాపం ఉందేమోనని అడుగుతున్నానండీ. మేకలకి ఆ గుణం లేనట్టుందండీ."

డాక్టరుగారు నవ్వలేదు. సైకిలు గోడకి ఆనించి లోపలికి వచ్చారు. ఆయనది కుర్రవయసు, పుస్తకాల పిచ్చి. పశువుల భయం, దిగులు, సంతోషం గురించి వేరే దేశాల్లో పెద్ద పెద్దవాళ్ళు పరిశోధనలు చేస్తున్నారని చదివారు. ఇక్కడ ఆ మాట ఎత్తితే వినేవాడు దొరక్క, నోరు కట్టేసుకుని తిరుగుతున్నారు. అలాంటి మనిషికి పోతురాజు దొరికాడు.

"పశువుకి మనసు ఉందా లేదా అని అరుగుల మీద కూర్చుని వాదించుకుంటే తేలదు పోతురాజూ," అన్నారు. "దాని ముందు రెండు దారులు పెట్టాలి. ఏ దారి పడుతుందో చూడాలి. మనం అనుకున్నది దాని నెత్తిన రుద్దకూడదు. అది చేసింది చూడాలి, అంతే."

"అనుకోకుండా చూడమంటారు."

"అనుకోకుండా చూడమంటాను."

పోతురాజుకి ఆ మాట బాగా నచ్చింది, పాటించడమే చేతకాలేదు. ఏ పశువుని చూసినా ముందు అనేసుకునేవాడు. కానీ చూడగా చూడగా కొన్ని తేలాయి. ఎవరి చేలోనో పడి దొడ్డికి వచ్చిన ప్రెసిడెంటుగారి ఆంబోతు, కచేరీ మనుషులు వచ్చినప్పుడల్లా గోడలు ఎగబాకేది. అది రంకెలు వేసే పొగరు అని ఊరంతా అనుకుంది. డాక్టరుగారు ఒక్కొక్క వస్తువూ తెప్పించి దాని ముందు పెట్టి చూశారు. టోపీ పెట్టారు, చేతికర్ర పెట్టారు, కిర్రు చెప్పులు పెట్టారు. ఆంబోతు దేన్నీ లెక్కచేయలేదు. నల్ల గొడుగు తెరిచారు. ఆంబోతు డాక్టరుగారి మీంచి దూకి పందిరి పీక్కుని అవతలి మూలకి పరుగెత్తింది.

మర్నాడు గేటు పక్క గోడ మీద పోతురాజు బొగ్గుతో రాయించాడు, "గొడుగు మూసి లోపలికి రావలెను" అని. ఆ వేసవిలో ప్రెసిడెంటుగారు తన ఆంబోతుని చూడటానికి వచ్చి, మిట్టమధ్యాహ్నం గొడుగు చంకలో పెట్టుకుని, బట్టతల మాడిపోతుంటే దొడ్డిలో నిలబడాల్సి వచ్చింది. "ఈ ఊళ్ళో ఎవరిది అధికారం?" అన్నారాయన. పోతురాజు వినయంగా ఆంబోతు వైపు చూశాడు.

ఆ రోజుల్లోనే ఒక గాడిద వచ్చింది. ఎవరిదో తెలియదు. ఎక్కడి నుంచి తప్పిపోయిందో, నుదుటి మీద పసుపు, మెడలో వాడిపోయిన బంతిపూల దండ. హనుమయ్య తోటలో పట్టుకొచ్చి దొడ్డిలో వదిలాడు. దాని వాలకం చూసి కనకమ్మ "పెళ్ళికొడుకు వచ్చాడు" అంది. ఆ పేరే నిలిచిపోయింది. సొంతదారు రాలేదు. పెళ్ళికొడుకు మాత్రం విడిదింట్లో దిగినవాడిలా పందిరి కింద మంచి చోటు చూసుకుని, అక్కడి నుంచి కదల్లేదు.

ఇక అసలు గొడవ 1961 వేసవిలో మొదలైంది.

ఒక పొద్దున్న పోతురాజు గేటు తీసేసరికి మాణిక్యం బయట నిలబడి ఉంది. తోలుకొచ్చినవాళ్ళు ఎవరూ లేరు. పోతురాజుకి గుండె ఉప్పొంగింది. అయితే తోటలో పడని పశువుని దొడ్డిలో పెట్టడం తప్పు కదా.

"నువ్వేం తప్పు చేశావని లోపలికి రానిచ్చేది తల్లీ? వెళ్ళి ఇంటికాడ ఉండు," అన్నాడు బుజ్జగిస్తూ.

మాణిక్యం అతన్ని కాసేపు చూసింది. వెనక్కి తిరిగి ప్రెసిడెంటుగారి తోటలోకి వెళ్ళింది. హనుమయ్య కళ్ళెదుటే ఒక మామిడికొమ్మ వంచి ఒక్క ఆకు కొరికింది. ఆ ఆకు నోట్లో కనపడేలా పెట్టుకుని, హనుమయ్య కర్ర ఎత్తేలోపే బయల్దేరి, అతనికంటే ముందు దొడ్డికి వచ్చేసింది. వెనకాల హనుమయ్య ఆయాసపడుతూ వచ్చాడు.

"నేను తోలలేదు. అదే నన్ను తోలుకొచ్చింది," అన్నాడు.

ఆ వేసవంతా ఇదే వరస. మాణిక్యాన్ని చూసి ఇంకో రెండు గేదెలు నేర్చుకున్నాయి. ఒక ఆవు అయితే ఆకు కొరకడం కూడా మానేసి, కొరికినట్టు నోరు ఆడిస్తూ వచ్చేది. పోతురాజు సంతోషానికి అంతులేదు. ఇన్నేళ్ళు తను చూపించిన ప్రేమ పశువులకి అర్థమైందని అతని నమ్మకం. కనకమ్మతో రోజుకోసారైనా, "నన్ను చూడకుండా ఉండలేకపోతున్నాయే" అనేవాడు. కనకమ్మ చీపురు ఇంకాస్త గట్టిగా ఊడ్చేది.

రత్నబాబుకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆయనకి ఊళ్ళో పరువు ఎక్కువ. ఇస్త్రీ చొక్కా లేకుండా అరుగు దిగడు. అలాంటివాడు తన గేదె కోసం పొద్దున్నే జరిమానా పట్టుకుని దొడ్డి ముందు నిలబడుతున్నాడు. ఒకరోజు ఇక తట్టుకోలేక పంచాయితీలో లేచి నిలబడ్డాడు.

"ఈ పోతురాజు మా గొడ్లకి మందేదో పెట్టాడు. దొడ్డి దొడ్డిలా ఉండాలి గానీ అత్తారిల్లులా ఉంటే ఎట్లాగండీ? పందిరి పీకించండి, తొట్టి పగలగొట్టించండి!"

ప్రెసిడెంటుగారికి గొడుగు సంగతి ఇంకా మనసులో మెదులుతోంది. "న్యాయమే," అన్నారు.

పోతురాజు బెదిరిపోయి నూజివీడు పరుగెత్తాడు. కృష్ణమూర్తిగారు విషయం విని భయపడటానికి బదులు చేతులు రుద్దుకున్నారు. అంతకుముందు ఏడాదే పశువుల మీద క్రూరత్వం కూడదని ఢిల్లీలో కొత్త చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని పల్లెటూరి దాకా ఎలా తేవాలా అని ఆయన ఆలోచిస్తున్నారు. ఆ సాయంత్రమే నెమలిపాడు వచ్చి పంచాయితీ పెద్దల్ని కూర్చోబెట్టారు.

"మాణిక్యం దేనికోసం దొడ్డికి వస్తోందో తెలిస్తే ఆపడం తేలిక," అన్నారు. "ఒక్కొక్కటే తీసేసి చూద్దాం. ఏది తీసేస్తే రావడం మానేస్తుందో, దానికోసమే వస్తోందన్నమాట."

ఇదేదో తమాషాగా ఉందని పెద్దలు ఒప్పుకున్నారు. తోటలో కాయ కోతలు అయిపోయాయి, ఎవరికీ పెద్ద పనుల్లేవు.

మొదట పందిరి తీసేశారు. మాణిక్యం వచ్చింది. ఎండలోనే నిలబడింది. తర్వాత కుడితి ఆపేశారు, రెండు రోజులు తొట్టి ఎండబెట్టారు. వచ్చింది. కొబ్బరితాడు దుంగ పీకేశారు. వచ్చి, దుంగ ఉండాల్సిన చోట హనుమయ్య నిలబడి ఉంటే అతనికే ఒళ్ళు రాసుకుంది. రోజులు గడిచేకొద్దీ పోతురాజు ఛాతీ వెడల్పవుతోంది. ఇక మిగిలింది తనే కదా!

"ఇప్పుడు నిన్ను తీసేయాలి," అన్నారు డాక్టరుగారు.

"నన్నాండీ?"

"నువ్వూ ఒక కారణం కావచ్చుగా. కొన్నాళ్ళు ఊళ్ళో ఉండకు."

పోతురాజు విస్సన్నపేటలో అత్తగారింటికి వెళ్ళాడు. అక్కడ ఆఖరి కోతల చిన్నరసాలు బుట్టతో తెచ్చి ముందు పెడితే ఒక్కటి పిండుకుని తినలేకపోయాడు. గేటు దగ్గర మాణిక్యం తన కోసం ఎదురుచూస్తూ, అన్నపానాలు మాని చిక్కిపోతున్నట్టు కళ్ళకి కట్టింది. అది నిజమైతే బాధ, అబద్ధమైతే ఇంకా బాధ. చివరికి కబురు రాకముందే బస్సెక్కి వచ్చేశాడు. కనకమ్మ గుమ్మంలోనే ఎదురైంది.

"ఏమంది? అడిగిందా?"

"ఎవరు?"

"మాణిక్యం."

కనకమ్మకి మొగుడి మొహం చూసి జాలేసింది, కానీ అబద్ధం చెప్పడం చేతకాదు. "వచ్చిందయ్యా రోజూ. నువ్వు లేవని గమనించినట్టు కూడా లేదు. ఒళ్ళు కూడా కాస్త చేసింది."

పోతురాజు అరుగు మీద కూలబడ్డాడు.

ఇక దొడ్డిలో మారకుండా మిగిలింది ఒకే ఒక్కటి. పందిరి పోయినా ఆ చోటులోనే నిలబడి, ఏమీ పట్టనట్టు చెవులు ఆడిస్తున్న పెళ్ళికొడుకు. డాక్టరుగారు దాన్ని తోట అవతల హనుమయ్య పాక వెనక కట్టేయించారు.

మర్నాడు పొద్దున్న ఊరంతా దొడ్డి గోడ మీద ఎక్కి కూర్చుంది. మాణిక్యం పద్ధతి ప్రకారం ఆకు కొరుక్కుని వచ్చింది. గేటులో అడుగుపెట్టింది, ఆగింది. నలువైపులా చూసింది. గాడిద నిలబడే చోటికి వెళ్ళి నేల వాసన చూసింది. మోర ఎత్తి ఒక అరుపు అరిచింది. ఆ అరుపుకి గోడ మీద కూర్చున్నవాళ్ళలో ఒకరిద్దరు కిందికి జారారు.

పోతురాజు ఉండబట్టలేక ఎదురెళ్ళాడు. చేతులు చాచి, "అమ్మా మాణిక్యం, నేనిక్కడే ఉన్నానే!" అన్నాడు.

మాణిక్యం అతన్ని తలతో పక్కకి నెట్టింది. కోపంతో కాదు, దారికి అడ్డమైన బుట్టని జరిపినట్టు. పోతురాజు వెనక్కి వెళ్ళి నీళ్ళ తొట్టిలో కూర్చున్నాడు. గేదె అరుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. తోట చుట్టూ వెతికి వెతికి, చివరికి హనుమయ్య పాక వెనక పెళ్ళికొడుకు పక్కన చేరి, దాని మెడ మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది.

"తేలింది!" అని గంతేశారు డాక్టరుగారు. "నీడ కోసం కాదు, తిండి కోసం కాదు. తోడు కోసం! రత్నబాబుగారూ, మీ చావిట్లో దీనికి జతగా ఇంకో గేదె ఉండేది కదూ?"

రత్నబాబు తల గోక్కున్నాడు. "కిందటేడు అమ్మేశానండీ."

"అదీ సంగతి. ఒంటరిదైపోయింది. ఆ తర్వాత ఎప్పుడో తోటలో పడి దొడ్డికి వస్తే ఈ గాడిదతో స్నేహం కుదిరింది."

అందరూ డాక్టరుగారి చుట్టూ మూగారు. తొట్టిలో కూర్చున్న పోతురాజుని ఎవరూ పట్టించుకోలేదు. కనకమ్మ వచ్చి చెయ్యి అందించింది.

"గాడిదేనే," అన్నాడు పోతురాజు. "పోనీ ఇంకో గేదె అయినా బాగుండేది. గాడిద."

"లే పైకి. నీకు నేనున్నాగా. నాకింకా గాడిద మీద మనసు పోలేదుగా."

పోతురాజు తడి పంచెతో లేచాడు. కాసేపు అలిగాడు. గాడిదకి గడ్డి వేయనన్నాడు. కానీ సాయంత్రానికి ఆ రెండు జీవాలూ ఒకదాని వీపు మీది ఈగల్ని ఒకటి తోకతో తోలుకుంటూ నిలబడ్డ తీరు చూసి, "ఇంత ముచ్చట నా కళ్ళ ముందు జరుగుతుంటే ఇన్నాళ్ళు నన్నే చూసుకుంటూ కూర్చున్నా" అని నవ్వుకున్నాడు. అనుకోకుండా చూడటం అంటే ఏంటో అప్పుడు కాస్త ఒంటబట్టింది.

ఇంకో చిక్కు వచ్చిపడింది. సొంతదారు రాని పశువుని దండోరా వేయించి వేలం వేయాలని రూలు. పెళ్ళికొడుకు గడువు ఎప్పుడో దాటిపోయింది, ఇన్నాళ్ళు ఎవరికీ గుర్తు రాలేదంతే. గాడిద వేరే ఊరు వెళ్ళిపోతే మాణిక్యం చేపదు, పాలివ్వదు. అది ఖాయం. రత్నబాబు గాడిదని కొనాలి. రత్నబాబు! ఇస్త్రీ చొక్కా రత్నబాబు!

వేలం రోజున ఆయన తలకి తువ్వాలు చుట్టుకుని, గుంపులో వెనక నిలబడి, హనుమయ్య చెవిలో గొణిగి పాట పాడించాడు. ఉంగుటూరు నుంచి బట్టల మూటలకి గాడిద కావాలని వచ్చిన ఒకాయన కూడా పట్టు వదల్లేదు. పాట పెరిగీ పెరిగీ, గాడిదకి లోకంలో ఎవరూ ఇవ్వని ధర పలికింది. ఉంగుటూరాయన చేతులెత్తేసి, "అంత చదువుకున్న గాడిదేంటండీ ఇది?" అని వెళ్ళిపోయాడు. దండోరా వేసేవాడికి గొణగడాలు తెలియవు. డప్పు మీద ఒక్క దరువు వేసి గొంతు చించుకున్నాడు.

"ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, పెళ్ళికొడుకు రత్నబాబుగారికి ఖాయమయ్యాడహో!"

ఆ కేక నెమలిపాడు దాటింది. వారం తిరక్కుండా విస్సన్నపేట నుంచి రత్నబాబు మేనత్త రాజ్యలక్ష్మిగారు బండి కట్టించుకుని బంధువులతో దిగింది. గుమ్మంలోనే నిలబడి నిలదీసింది.

"ఏరా, మీ అమ్మాయి కృష్ణవేణి ఇంకా పలక మీద ఓనమాలు దిద్దుతోంది. అప్పుడే పెళ్ళికొడుకుని ఖాయం చేసుకున్నావంటగా? మాతో ఒక్క మాటైనా చెప్పకుండా! ఎవరి పిల్లాడు? ఏం చేస్తుంటాడు?"

రత్నబాబు గుమ్మం దిగాడు. చెయ్యి చూపించి చావిడి వైపు నడిచాడు. రాజ్యలక్ష్మిగారు పెళ్ళికొడుకుని ఆపాదమస్తకం చూసింది. పెళ్ళికొడుకు ఆమె చేతిలోని తమలపాకులు తిన్నాడు.

"ఒడ్డూ పొడుగూ బానే ఉన్నాడు," అందావిడ చివరికి. "మా ఆయనకంటే నిదానస్తుడిలా ఉన్నాడు." ఆ మాటకి చావిడంతా నవ్వులు. రత్నబాబుకి కూడా నవ్వొచ్చింది. పరువు పోవాల్సిందంతా ఒక్కసారే పోయాక మనిషికి ఎంత తేలిగ్గా ఉంటుందో ఆయనకి అప్పుడే తెలిసింది. ఆ తర్వాత మామూలు చొక్కాతో కూడా బయటికి వచ్చేవాడు.

మాణిక్యం మళ్ళీ దొడ్డి మొహం చూడలేదు. పంచాయితీ సమావేశం జరిగినప్పుడు డాక్టరుగారు లేచి, దొడ్డిలో పందిరి, రాపిడి దుంగ తిరిగి పెట్టాలనీ, తొట్టి తీయకూడదనీ, ఒంటరి పశువుకి తోడు చూడాలనీ తీర్మానం చేయమన్నారు. ప్రెసిడెంటుగారు గునిశారు. "దొడ్డి హాయిగా ఉంటే నా తోటకి దిక్కెవరండీ?"

ఈసారి లేచింది రత్నబాబే. "అయ్యా, మా గాడిద ఇంటికొచ్చినకాడి నుంచి మా గేదె మీ తోట వైపు కన్నెత్తి చూసిందా? దొడ్డిలో ఉన్న సుఖం ఇంటికాడ ఉంటే గొడ్డు మీ తోటకెందుకొస్తుందండీ? ఇంటికాడ మేం పెట్టుకుంటాం, దొడ్డిలో మీరు పెట్టండి."

తన అంట్లు బతుకుతాయన్నాక ప్రెసిడెంటుగారికి జాలి పుట్టుకొచ్చింది. తీర్మానం పాసయింది.

డాక్టరుగారు అక్కడితో ఊరుకోలేదు. పరిశోధన మొత్తం వివరంగా రాసి, అన్ని ఊళ్ళ దొడ్లకీ ఈ పద్ధతే పెట్టాలని పంచాయితీ సమితికి పంపారు. అది ఆ బల్ల మీంచి ఈ బల్ల మీదికి జరుగుతూ పోయింది. అంత పొడుగు కాగితాన్ని చదివే ఓపిక లేని గుమాస్తా ఒకాయన దాన్ని ఒక్క ముక్కలో కుదించాడు. అన్ని ఊళ్ళకీ సర్క్యులర్ వచ్చింది. "ప్రతి బందెలదొడ్డి యందును తాటాకు పందిరి, నీళ్ళ తొట్టి, రాపిడి దుంగ మరియు గాడిద ఉండవలెను."

చుట్టుపక్కల ఊళ్ళ మునసబులు తలలు పట్టుకున్నారు. అన్ని గాడిదలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇన్‌స్పెక్టరు తనిఖీకి బయల్దేరాడని కబురు అందగానే, ఎవరికి తట్టిందో గానీ, అందరూ రత్నబాబు ఇంటికి మనుషుల్ని పంపించారు. పెళ్ళికొడుకుని ఒక్క పూట అరువిమ్మని. అలా పెళ్ళికొడుకు ఇన్‌స్పెక్టరు కంటే ఒక ఊరు ముందు నడవడం మొదలుపెట్టాడు. పెళ్ళికొడుకు కదిలితే మాణిక్యం ఆగదు కదా, అది వెనకాల. మాణిక్యం వెనకాల రత్నబాబు, చేతిలో పాల చెంబుతో.

జీపులోంచి దిగిన ఇన్‌స్పెక్టరు ప్రతి ఊళ్ళోనూ ఒకే గాడిదని, ఒకే గేదెని, ఒకే మనిషిని చూశాడు. రెండో ఊళ్ళో పాల చెంబు వంక ఒకసారి చూశాడు. మూడో ఊళ్ళో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఊళ్ళో రత్నబాబుని పక్కకి పిలిచి, "ఈ తాలూకాలో అన్ని దొడ్లూ మీవేనా?" అని అడిగాడు. రత్నబాబు చెంబు చూపించి, "మా గేదె పాలు పిండుకుందామని వచ్చానండీ," అన్నాడు.

చివరికి ఇన్‌స్పెక్టరు నెమలిపాడు వచ్చాడు. అప్పటికి పెళ్ళికొడుకు ఎక్కడో చాట్రాయి అవతల ఉన్నాడు, ఇంకా తిరిగి రాలేదు. పందిరి బాగుంది, తొట్టిలో నీళ్ళు తేటగా ఉన్నాయి, దుంగకి కొత్త తాడు చుట్టి ఉంది.

"గాడిద ఏదయ్యా?"

"లేదండీ," అన్నాడు పోతురాజు.

"అన్ని ఊళ్ళలో ఉంది, అసలు మొదలుపెట్టిన మీ ఊళ్ళో లేదా?"

పోతురాజు జరిగిందంతా మొదటి నుంచీ చెప్పాడు. తొట్టిలో పడ్డ సంగతి కూడా దాచలేదు. ఇన్‌స్పెక్టరు మొదట గంభీరంగా విన్నాడు. మాణిక్యం ఆకు నోట పెట్టుకుని వచ్చిన చోటికి వచ్చేసరికి పెదవి అదిరింది. రాజ్యలక్ష్మిగారి దగ్గరికి వచ్చేసరికి రాపిడి దుంగని పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, కనకమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, "అయితే కావాల్సింది గాడిద కాదన్నమాట," అన్నాడు.

"కాదండీ. తోడండీ. ఎవరికి ఎవరు తోడో అది చూసి తెలుసుకోవాలండీ."

కొన్ని నెలలకి సర్క్యులర్ మారింది. గాడిద తీసేసి "తగు తోడు" అని రాశారు. కొన్ని ఊళ్ళలో అమలైంది, కొన్ని ఊళ్ళలో కాగితం మాత్రం గోడకి అంటించారు. అయినా ఆ చుట్టుపక్కల దొడ్లలో నీళ్ళ తొట్టి లేనిది తర్వాత ఎక్కడా కనపడలేదు.

నెమలిపాడులో మాత్రం వేరే సమస్య వచ్చింది. ఇళ్ళ దగ్గరే పందిళ్ళు, దుంగలు లేచేసరికి దొడ్డికి రావడానికి పశువులకి తీరిక లేకపోయింది. కృష్ణమూర్తిగారికి బదిలీ అయి సెలవు తీసుకోవడానికి వచ్చేనాటికి దొడ్డి ఖాళీగా ఉంది. ఆయన అది చూసి మురిసిపోయారు. పోతురాజు మాత్రం దిగులుగా, "ఊడ్చిన చోటే ఊడుస్తున్నానండీ," అన్నాడు.

ఆ దిగులు కూడా ఎంతో కాలం లేదు. వేసవిలో చాట్రాయి వైపు నుంచి నూజివీడుకి మామిడికాయ బళ్ళు బారులు తీరి వెళ్ళేవి. ఎండలో నురగలు కక్కుతూ నడిచే ఎద్దుల్ని చూసి పోతురాజు ఒక మధ్యాహ్నం రోడ్డు మీదికి వెళ్ళి ఒక బండిని దొడ్డిలోకి మళ్ళించాడు. నీళ్ళు తాగించాడు, పందిరి కింద కట్టేశాడు. బండివాడు విశ్రాంతి బానే ఉందనుకున్నాడు గానీ, కాసేపయ్యాక బయల్దేరబోతే గేటుకి తాళం ఉంది.

"ఎండ తగ్గేదాకా తియ్యను," అన్నాడు పోతురాజు.

అలా ఒక్కొక్క బండీ చేరింది. ఒకనాడు అందులో ప్రెసిడెంటుగారి సొంత రసాల బండి ఉంది. కాయ ఆలస్యం అవుతోందని ఆయనే ఆపసోపాలు పడుతూ వచ్చారు.

"పోతురాజూ, తాళం తియ్యి! నా ఎద్దులు నా ఇష్టం!"

"తీస్తానండీ. తమరు ఒక్కసారి ఎద్దు డొక్క మీద చెయ్యి వేసి చూడండి. గసపోసుకోవడం ఆగితే ఇప్పుడే తీస్తా."

లక్ష్మీనరసింహారావుగారు విసుగ్గా చెయ్యి వేశారు. ఎద్దు డొక్క కొలిమితిత్తిలా ఎగసిపడుతోంది. ఆయన చెయ్యి తియ్యలేదు. ఆగేదాకా చూద్దామని పక్కనే ఉన్న నులకమంచం మీద కూర్చున్నారు. కూర్చున్నవారు వాలారు. వాలినవారు గురకపెట్టారు. ఎద్దులు నెమరు వేస్తున్నాయి, బండివాళ్ళు తలకింద తువ్వాళ్ళు పెట్టుకుని పడుకున్నారు. కనకమ్మ ఎద్దులకి కుడితి పోసి, మనుషులకి మజ్జిగ కలిపి పెట్టింది.

పొద్దు వాలాక పోతురాజు తాళం తీశాడు. చల్లగాలికి ఎద్దులు తోక ఝాడించుకుంటూ రోడ్డెక్కాయి. మరుసటి వేసవికి ప్రెసిడెంటుగారే మనుషుల్ని పంపించి దొడ్డిలో రెండో పందిరి వేయించారు, దాని కింద ఇంకో నులకమంచం కూడా.